దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ మ్యాప్: నా లెక్క ఎంతవరకు వచ్చింది

ఫిబ్రవరి

ఉపగ్రహాలకు ఏ చోట రేడియేషన్ దెబ్బ ఎక్కువ తగులుతుందో నా ల్యాప్‌టాప్ మీద నేనే మ్యాప్ గీయాలని మొదలుపెట్టాను. డబ్బు ఖర్చు లేని పని ఇది. అయస్కాంత క్షేత్రం మోడల్, ఉపగ్రహాల కక్ష్యలు, రేడియేషన్ కొలతలు అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. పైథాన్ కొద్దిగా వస్తే చాలు.

భూమి అయస్కాంతాన్ని ఒక కడ్డీలా ఊహించుకుంటే, ఆ కడ్డీ భూమి సరిగ్గా నడిమధ్యలో లేదు. 500 కిలోమీటర్లకు పైగా పశ్చిమ పసిఫిక్ వైపు జరిగి ఉంది, పైగా భూమి అక్షానికి దాదాపు 10 డిగ్రీలు వాలి ఉంది. దాంతో అవతలి పక్క, అంటే దక్షిణ అమెరికా, దక్షిణ అట్లాంటిక్ మీద క్షేత్రం బలహీనపడింది. అందుకే భూమి చుట్టూ చిక్కుకున్న రేడియేషన్ కణాలు అక్కడ ఎక్కువ కిందికి దిగి ఉపగ్రహాలకు తగులుతాయి. దీన్నే సౌత్ అట్లాంటిక్ అనామలీ అంటారు. నా ఫైళ్లలో ఎస్ఏఏ అని రాసుకున్నాను, ఇక్కడా అదే వాడతాను.

లెక్కకు ఐజీఆర్ఎఫ్ తీసుకున్నాను, భూమి అయస్కాంత క్షేత్రానికి అంతర్జాతీయంగా వాడే మోడల్ అది. అయిదేళ్లకోసారి దాన్ని కొత్త కొలతలతో సవరిస్తారు. పైథాన్‌లో దీనికి రెడీమేడ్ లైబ్రరీలు ఉన్నాయి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, తేదీ ఇస్తే క్షేత్రం విలువ నానోటెస్లాల్లో వస్తుంది. హైదరాబాద్‌కు 43 వేల చుట్టుపక్కల వచ్చింది. ఫోన్‌లోని మాగ్నెటోమీటర్ యాప్‌తో పోల్చి చూడండి, 43 మైక్రోటెస్లాలకు దగ్గరగా చూపించాలి. ఇనుప గ్రిల్స్, స్లాబ్‌లోని కడ్డీలు రీడింగ్‌ని పాడుచేస్తాయి కాబట్టి ఖాళీ మైదానంలో, ఫోన్‌ని గాలిలో ఎనిమిది అంకెలా తిప్పాక చదవాలి. అదే మోడల్‌ని పరాగ్వే పరిసరాల్లో అడిగితే 22 వేలే అంటుంది. మన దగ్గరున్న దాంట్లో దాదాపు సగం!

మార్చి

నేల మీది విలువ ఉపగ్రహానికి పనికిరాదు, కక్ష్య ఎత్తులో కావాలి. క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుందనుకుంటే, 500 కిలోమీటర్ల ఎత్తులో నేల మీది విలువలో 80 శాతం మిగలాలి. ఆ లెక్కన 22 వేలు 17,500కి దిగాలి. మోడల్ మాత్రం 18 వేలు దాటించింది. కారణం నాకు చాలా నచ్చింది. ఎస్ఏఏని అంత బలహీనం చేస్తున్నవి క్షేత్రంలోని చిన్న చిన్న వంకరలు. పైకి వెళ్లేకొద్దీ అవి అసలు కడ్డీ క్షేత్రం కంటే వేగంగా అణిగిపోతాయి. అందుకే నేల మీద కనిపించేంత లోతైన గుంట పైన కనిపించదు.

రెండు డిగ్రీల గ్రిడ్, 500 కిలోమీటర్ల ఎత్తు, 23 వేల నానోటెస్లాల దగ్గర ఒక గీత, దాని లోపలిదంతా ఎస్ఏఏ. మొదటి మ్యాప్‌కి ఇంతే. లైబ్రరీ ఎత్తుని నేల నుంచి అడుగుతోందా, భూకేంద్రం నుంచి అడుగుతోందా అన్నది ముందే చూసుకోవాలి.

దాని మీద మూడు కక్ష్యలు వేశాను. సెలెస్‌ట్రాక్ సైట్‌లో టీఎల్ఈలు, అంటే కక్ష్య వివరాల చిన్న ఫైళ్లు, దొరుకుతాయి. వెతకడానికి నంబర్లు ఇవి: అంతరిక్ష కేంద్రం ఐఎస్ఎస్‌కి 25544, హబుల్ టెలిస్కోప్‌కి 20580, మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్‌కి 40930. టీఎల్ఈ పాతబడితే కక్ష్య పక్కకి జరుగుతుంది, కాబట్టి రెండు మూడు రోజులకోసారి మళ్లీ దించుకోవడం మంచిది. 30 సెకన్లకో చుక్క చాలు. ఆ వ్యవధిలో ఉపగ్రహం సుమారు 225 కిలోమీటర్లు వెళుతుంది, రెండు డిగ్రీల గడికి అది సరిపోతుంది.

హబుల్ కక్ష్య వాలు, అంటే భూమధ్యరేఖకి కక్ష్య ఎంత వంగి ఉందో అది, 28.5 డిగ్రీలు. మ్యాప్ మీద చూస్తే వరసగా ఎన్నో చుట్లు గీత లోపలినుంచే వెళతాయి. హబుల్ రోజులో పది సార్ల దాకా ఎస్ఏఏని దాటుతుందని, తన సమయంలో సుమారు 15 శాతం అక్కడే గడుపుతుందని, ఆ సేపు పరిశీలనలు ఆపుతారని నాసా చెబుతుంది. ఐఎస్ఎస్ 51.6 డిగ్రీల దాకా వెళ్లేది కాబట్టి కొన్ని చుట్లు లోపలికి, మిగిలినవి బయటికి పోతాయి.

ఆస్ట్రోశాట్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 దాన్ని 650 కిలోమీటర్ల ఎత్తుకి, కేవలం 6 డిగ్రీల వాలుతో చేర్చింది. అంత తక్కువ వాలు ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఎస్ఏఏయే. మ్యాప్ మీద దాని దారి భూమధ్యరేఖని అంటిపెట్టుకున్న సన్నటి పట్టీ. ప్రమాద ప్రాంతం నడిబొడ్డుకి అది ఎప్పుడూ పోదు, ఉత్తరపు అంచుని మాత్రం తాకుతుంది. అందుకే విద్యుదావేశం ఉన్న కణాల్ని లెక్కపెట్టే పరికరం ఒకటి దానిలో పెట్టారు. శ్రీహరికోట నుంచే 2024 జనవరి 1న వెళ్లిన ఎక్స్-రే ఉపగ్రహం ఎక్స్‌పోశాట్‌కీ ఇదే ఎత్తు, ఇదే వాలు. మనవాళ్ల ఈ ఎంపిక వెనుక ఉన్న ఆలోచన ఆ పట్టీని స్వయంగా గీస్తే బాగా అర్థమవుతుంది.

ఏప్రిల్, మే

ఇప్పటిదాకా గీసింది క్షేత్రం మ్యాపే. ఉపగ్రహాల్ని దెబ్బతీసే ప్రోటాన్లు నిజంగా ఎక్కడున్నాయో చూడటానికి అమెరికా వాతావరణ సంస్థ నోవా ధ్రువకక్ష్య ఉపగ్రహాల పాత డేటా తీసుకున్నాను. ఎత్తు 800 కిలోమీటర్ల పైన, రోజుకో ఫైల్. శక్తి 16, 35, 70, 140 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ప్రోటాన్లకు వేర్వేరు చానెళ్లు ఉంటాయి. నేను 35 వాడాను. సూర్యుడి మీద పేలుళ్లు జరిగిన రోజుల్ని వదిలేయాలి, లేకపోతే ధ్రువాలు రెండూ వెలిగిపోయి అసలు విషయం కనబడదు. ఒక నెల డేటాని గడులవారీగా సగటు చేస్తే చాలు, బ్రెజిల్ తీరం మీద పెద్ద మచ్చ తేలుతుంది.

క్షేత్రం మ్యాప్‌ని అదే ఎత్తుకి మళ్లీ గీసి రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే ఆకారాలు కలవవు. పెరూ మీద క్షేత్రం బలహీనంగానే ఉంది, ప్రోటాన్లు మాత్రం చాలా తక్కువ. నా ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే.

భూమి చుట్టూ రేడియేషన్ వలయాలు (వాన్ అలెన్ వలయాలు) ఉన్నాయి. వాటిలో లోపలి వలయంలో చిక్కుకున్న ప్రోటాన్ క్షేత్రరేఖ చుట్టూ మెలికలు తిరుగుతూ ఉత్తర దక్షిణాలకు ఊగుతుంది. క్షేత్రం ఒక విలువకి చేరగానే వెనక్కి తిరుగుతుంది. ఆ విలువ ఒక్కో ప్రోటాన్‌కి ఒక్కోటి, భూమి చుట్టూ జరుగుతున్నంతసేపూ అది మారదు. వేరే చోట 1,500 కిలోమీటర్ల ఎత్తులోనే ఎదురయ్యే విలువ ఎస్ఏఏ మీద ఇంకా కిందికి దిగితేగాని దొరకదు. అందుకే లోపలి వలయం అక్కడ 200 కిలోమీటర్ల ఎత్తు దాకా వంగుతుంది.

ఇక పెరూ సంగతి. అయస్కాంత భూమధ్యరేఖ, అంటే క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే రేఖ, ఆ దేశం మీదుగా పోతుంది. ఆ రేఖ మీద ఉపగ్రహం గుండా వెళ్లే క్షేత్రరేఖకి ఉపగ్రహం ఉన్నచోటే శిఖరం. అంతకంటే పైకి పోదు, వలయాన్ని అందుకోదు. దక్షిణ బ్రెజిల్ తీరం మీద ఉన్న రేఖ మాత్రం ఉత్తరానికి వంపు తిరుగుతూ బాగా పైకి లేచి, ప్రోటాన్లు దట్టంగా ఉన్న చోటుకి చేరుతుంది. కాబట్టి ఉపగ్రహానికి రెండూ తెలియాలి: తానున్న చోట క్షేత్రం ఎంత, తన గుండా పోయే రేఖ ఎంత ఎత్తుకి పోతుంది.

ఈ రెండో లెక్క రాయడం కష్టం కాదు. ఒక చుక్క దగ్గర మొదలుపెట్టి క్షేత్రం చూపే దిశలో 20 కిలోమీటర్ల చొప్పున అడుగులేస్తూ, ఎత్తు మళ్లీ తగ్గడం మొదలయ్యేదాకా వెళ్లడమే. గ్రిడ్ మొత్తానికి చాలాసేపు పడుతుంది, రాత్రి నడవనిచ్చాను. శిఖరం తక్కువగా ఉన్న గడుల్ని తీసేయగానే పెరూ భాగం ఊడిపోయింది, మిగిలిన ఆకారం ప్రోటాన్ల మచ్చకి దగ్గరగా వచ్చింది. స్క్రీన్ మీద అది చూసిన ఆనందం ఇంకా తగ్గలేదు.

ఈ వారం

100 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ 20 వేల నానోటెస్లాల్లో ఎంత పెద్ద చుట్టు తిరుగుతుందో లెక్క వేశాను. వ్యాసార్థం 74 కిలోమీటర్లు. ఆ చుట్టు అడుగుభాగం గాలి చిక్కగా ఉన్నచోట తగిలితే ప్రోటాన్ పోతుంది. ఐఎస్ఎస్ ఎత్తులో పడమర నుంచి వచ్చేవి తూర్పు నుంచి వచ్చేవాటికంటే ఎక్కువ ఉండటానికి కారణమిదే, ఎందుకంటే పడమర నుంచి వచ్చేవాటి చుట్టు కేంద్రం కక్ష్యకంటే పైన ఉంటుంది.

తర్వాత 2009, 2014 డేటాని పక్కపక్కన పెట్టబోతున్నాను. మొదటిది సూర్యుడు నెమ్మదిగా ఉన్న కాలం, రెండోది ఉధృతంగా ఉన్న కాలం. ఉధృతి ఎక్కువైతే పై వాతావరణం వేడెక్కి ఉబ్బి తక్కువ ఎత్తులోని ప్రోటాన్లను మింగేస్తుంది, కాబట్టి 2014లో మచ్చ పలచబడాలి. ఎస్ఏఏ ఏడాదికి దాదాపు 0.3 డిగ్రీలు పడమరకి జరుగుతోంది కూడా. అయిదేళ్లకి ఒకటిన్నర డిగ్రీ అంటే నా గడి కంటే తక్కువ. అందుకే గ్రిడ్‌ని అర డిగ్రీకి మార్చి, ఒక నెల బదులు మూడు నెలల ఫైళ్లు దించుతున్నాను.