కాలి మీద పెన్ను గీత

నాకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఫిట్టర్‌గా చేస్తున్నాను. పోయినేడు కొత్త సేఫ్టీ షూ ఇచ్చారు. నా పాదం వెడల్పు. నా సైజు లేదంటే ఉన్నదే తొడుక్కున్నాను. ముందుండే స్టీల్ క్యాప్ అంచు చిటికెన వేలిని రోజంతా ఒరుసుకుంటున్నా నాకు తెలియలేదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది.

సాక్సులు ఉతకబోయి మా ఆవిడే కనిపెట్టింది. నల్లవి కావడంతో మరక కనపడలేదు, చేతికి జిగటగా తగిలిందట. సూపర్‌వైజర్‌ని రెండు రోజులు సెలవడిగితే, "నొప్పి లేదంటున్నావుగా, మరి లీవెందుకు?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను. నొప్పి తెలియకపోవడమే అసలు జబ్బని అప్పటికి నాకూ తెలీదు. మా వీధి డాక్టరు వారం రోజులు కట్టు కట్టాడు, ఒక్కసారి కూడా షుగర్ చూడలేదు.

తర్వాత చలిజ్వరం, పాదం ఎర్రగా వాపు, వాసన. ఆసుపత్రిలో షుగర్ 412. ఇన్ఫెక్షన్ వేలి ఎముక దాకా వెళ్లిందన్నారు. ఆ రాత్రి డ్యూటీ డాక్టరమ్మ, మా అమ్మాయి వయసే ఉంటుంది, ఎరుపు ఎంతవరకు ఉందో చూసి దాని చుట్టూ పెన్నుతో గీత గీసింది. "తెల్లారేసరికి ఇది దాటకూడదు బాబాయ్" అంది.

మా ఆవిడ గంటకోసారి ఫోన్ లైటు వేసి చూసింది. నేను చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాను. రెండు గంటలప్పుడు లైటు వేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు చెమటలు పట్టేశాయి. "ఏంటే?" అన్నాను. "ఇంకా గీత లోపలే ఉంది, పడుకోండి" అంది. ఆ గొంతులో వణుకు నాకు తెలుస్తూనే ఉంది. ప్రతి ఆషాఢ పున్నమికీ సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా నడిచిన కాళ్లవి. అప్పన్నా, వీటిని నాకు ఉంచు తండ్రీ అని ఎన్నిసార్లు మొక్కుకున్నానో.

ఎరుపు గీత దాటలేదు. చిటికెన వేలు తీసేశారు, పాదం దక్కింది. మూడు నెలలు కట్లు మార్చిన సిస్టరమ్మ ఒక్కరోజు కూడా ముక్కు చిట్లించలేదు. ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అక్కడే సన్నటి నైలాన్ తీగతో అరికాల్లో పది చోట్ల తాకించి, తెలిస్తే చెప్పమన్నారు. మూడే చెప్పగలిగాను. అయిదు నిమిషాల పరీక్ష! పదకొండేళ్లలో ఒక్కరూ చెయ్యలేదే అని ఇప్పటికీ కడుపు మండుతుంది. షుగరున్నవాళ్లు అడిగి మరీ చేయించుకోండి.

ఇప్పుడు ముందుభాగం వెడల్పుగా ఉన్న షూ వేసుకుంటున్నాను. సాయంత్రం పాదాలు కాస్త వాచి ఉంటాయి కాబట్టి ఆ వేళే వెళ్లి కొన్నాను. తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముతాను, ఇనుప రజను కూడా వదలను. సాక్సులు తెల్లవే. ఇంట్లో ఎమ్‌సీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరువి. ఆనెల్ని బ్లేడుతో కోసుకోవడం, వేడినీళ్లలో కాళ్లు పెట్టడం మానేశాను, మీరూ మానండి.

ఈసారి ప్రదక్షిణ నడవలేదు. షూతోనే దారి పక్కన నిలబడి మజ్జిగ పోశాను. ఒకాయన మడమకి గుడ్డ చుట్టుకుని కుంటకుండా నడిచొస్తున్నాడు. ఆపి, "అన్నా, షుగరుందా?" అనడిగాను. ఉందన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి గుడ్డ విప్పించాను.