ఉపగ్రహ లెక్కలో కుండపోత ఎంత దొరికింది: నా అనుభవం

ఉపగ్రహ డేటా భారీ వర్షాలను ఎంతవరకు పట్టుకుంటుందో తేల్చే పనిలో గణాంకాల వంతు తక్కువే. నా సమయమంతా రెయిన్ గేజ్ (నేల మీద వాన కొలిచే పరికరం) రోజునీ, ఉపగ్రహం రోజునీ ఒక దారికి తేవడానికే పోయింది.

ఐమెర్గ్, చిర్ప్స్ అనే రెండు ఉపగ్రహ ఆధారిత వర్షపాత డేటాలు తీసుకున్నాను. ఐమెర్గ్ గడి (ఒక్కో వర్షపాత విలువ వర్తించే నేల చదరం) 0.1 డిగ్రీ, అరగంటకో విలువ. చిర్ప్స్ గడి 0.05 డిగ్రీ, 1981 నుంచి ఉంది, కానీ రోజువారీ లెక్కే. నేను వాడిన గేజ్‌లలో రోజు పొద్దుట మొదలై మర్నాడు పొద్దుటికి ముగుస్తుంది. ఉపగ్రహానికి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికే తేదీ మారిపోతుంది. ఒకే వాన రెండు తేదీల్లోకి చీలితే పెద్ద వాన కాస్తా రెండు మామూలు వానలవుతుంది. ఐమెర్గ్ అరగంట విలువలను గేజ్ రోజుకు తగ్గట్టు మళ్లీ కూడుకున్నాను. (అవి గంటకు మిల్లీమీటర్లలో ఉంటాయి, సగం చేశాకే కూడాలి.) చిర్ప్స్‌తో ఆ వీలు లేదు. అందుకే దాన్ని తేదీ తేడా అంతగా పట్టని ఐదు రోజుల గరిష్ఠ వర్షంతోనే పోల్చాను.

ఐమెర్గ్ చివరి రూపమైన ఫైనల్ రన్‌ను నెలవారీ గేజ్ లెక్కలతో సవరిస్తారు. అవే గేజ్‌లతో దాన్ని పరీక్షించడమంటే ముందే చూపించిన ప్రశ్నపత్రంతో పరీక్ష పెట్టడమే. అందుకే ఆ నెలవారీ సవరణ లేని, దానికంటే ముందే వచ్చే లేట్ రన్‌నూ చూశాను.

మొత్తం రోజుల కోరిలేషన్ (రెండు లెక్కలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) చూస్తే ముచ్చటేసింది. ఆ అంకెను నేను నమ్మను. కుండపోత రోజులు అందులో పిడికెడు కూడా ఉండవు. 1 మి.మీ. దాటిన రోజులనే వాన రోజులుగా తీసుకుని, వాటిలో 95వ పర్సంటైల్ (నూటికి 95 వాన రోజులు దాటని హద్దు) పైన ఎన్ని దొరికాయి, ఎన్ని తప్పాయి, ఎన్ని ఉత్త హెచ్చరికలు (గేజ్‌లో లేని భారీ వానను ఉపగ్రహం చూపినవి) అని లెక్కేశాను. గేజ్ హద్దునే రెండింటికీ పెడితే ఉపగ్రహం బాగా వెనకబడింది. ఎవరి హద్దు వారికి పెడితే తేరుకుంది. అంటే భారీ వాన పడిన రోజును గుర్తిస్తోంది, ఎంత పడిందో చెప్పలేకపోతోంది.

కొండవాలు గేజ్‌ల దగ్గర రోజు కూడా దొరకలేదు. అక్కడ ఎత్తు తక్కువ మేఘాలే దంచి కొడతాయి. ఉపగ్రహంలోని ఇన్‌ఫ్రారెడ్ పరికరం మేఘం పైభాగపు చల్లదనాన్ని చూస్తుంది, భూభాగాల పైన మైక్రోవేవ్ పరికరం ఎక్కువగా మంచు కణాల మీద ఆధారపడుతుంది. ఈ మేఘాల్లో రెండూ తక్కువే. ఉరుముల మేఘం నుంచి పక్కకు పరుచుకున్న చల్లని పొర మాత్రం చినుకు రాల్చకుండానే వాన లెక్కలో చేరిపోతుంది.

తగ్గుదలంతా ఉపగ్రహం మీదే వేయడం అన్యాయం. గేజ్‌ది ఒక చోటి కొలత, ఐమెర్గ్ గడిది వందకు పైగా చదరపు కిలోమీటర్ల సగటు. ఒకే గడిలో చాలా గేజ్‌లున్న చోట వాటి సగటుతో పోలిస్తే తేడా కొంత తగ్గింది. నివేదికలో మైదానాలకూ కొండవాలులకూ వేర్వేరు పట్టికలు ఇచ్చాను. కల్వర్టు డిజైన్‌కు ఈ మిల్లీమీటర్లను నేరుగా వాడొద్దని కొండవాలు పట్టిక కిందే రాశాను.