నా బీఎంఎక్స్ సైకిలు, వెనక చక్రం పెట్టిన తిప్పలు

నిన్న ఆదివారం పొద్దున మహబూబ్‌నగర్ స్టేడియం గ్రౌండ్‌లో నా పాత బీఎంఎక్స్ సైకిలు (మట్టిలో పందేల కోసం పుట్టిన చిన్న చక్రాల రకం) బాగుచేసుకుని తొక్కి వచ్చాను. ఆ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నాను. నాలుగు నెలల పని ఇది. అందులో నెలన్నర ఒక్క వెనక చక్రానికే పోయింది.

1989లో, నేను ఆరో తరగతిలో ఉండగా నాయిన కొనిచ్చిన సైకిలు. అప్పుడు మా వాడలో అన్నీ పెద్ద నల్ల సైకిళ్లే. పిల్లలు ఫ్రేములోంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్లు. నాదేమో చిన్న చక్రాలు, వెడల్పాటి హ్యాండిలు, దాని అడ్డరాడ్డుకూ మెడకూ, ఫ్రేము పై పైపుకూ మెత్తటి ప్యాడ్లు, ముందు నంబరు ప్లేటు. అది తొక్కుతుంటే వెనకాల పదిమంది పరుగెత్తేవాళ్లు. తర్వాత తమ్ముడు తొక్కాడు. ఆ తర్వాత పాతికేళ్లు అటక మీదే ఉంది.

విప్పడం ఒక ఆదివారం పని. క్రాంకు (పెడళ్లు తగిలించే ఇనుప కడ్డీ) ఎడమవైపు నట్టుది ఉల్టా థ్రెడ్డు, ఎడమ పెడలుదీ అంతే. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడతాయి. ఇది తెలియక సుత్తి పెట్టి కొట్టారంటే థ్రెడ్డు పోతుంది. హ్యాండిలు మీద తుప్పును నీళ్లలో తడిపిన అల్యూమినియం ఫాయిల్‌తో రుద్దాను. అద్దంలా వచ్చింది. బేరింగు బాల్స్, చైను కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి, కొత్త గ్రీజు పెట్టాను.

పెయింటింగ్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. పాత స్టిక్కర్ల కొలతలు తీసుకునేదాకా ముట్టుకోవద్దని పెయింటరుకు మూడుసార్లు చెప్పాను. సాయంత్రానికి గీకి పారేశాడు. బేరం కుదిరింది కదా అని ఎవరికిపడితే వాళ్లకు ఫ్రేము ఇవ్వకండి. ఇచ్చేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి.

ఇక టైర్లు. ఊళ్లో ఒక పెద్ద సైకిలు షాపు ఉంది, పేరు రాయను. 20 × 1.75 టైర్లు రెండు కొన్నాను. ముందు చక్రానికి చేతులతోనే ఎక్కింది. వెనకది ఎక్కలేదు. గంటసేపు చూసి, చక్రం, టైరు రెండూ పట్టుకుని షాపుకు పోయాను. పనిపిల్లాడు రెండు లీవర్లు పెట్టి లాగాడు. ఇంకొకడొచ్చి మోకాలు పెట్టాడు. ట్యూబు నలిగి చిరిగింది, టైరు అంచులోని తీగ బయటికొచ్చింది.

"టైరు సైజు తప్పిచ్చారేమో" అన్నాను.

"ముందుది ఎట్ల ఎక్కింది సారూ మరి? రెండూ ఒక్క డబ్బాలవే. నీ రిమ్మే ఉబ్బినట్టుంది" అన్నాడు ఓనరు.

ఇనుప రిమ్ము ఉబ్బుతుందా! టేపు తెమ్మని, రిమ్ము కొలుద్దామని అడిగాను. "ఇరవై అంటే ఇరవయ్యే, కొలిచేదేముంది? లెక్కల సారుకు నేను లెక్క చెప్పాల్నా?" అన్నాడు గట్టిగా. నలుగురూ నవ్వారు. కొడుక్కి సైకిలు కొనడానికి వచ్చిన నా పాత స్టూడెంట్ ఒకడు అక్కడే ఉన్నాడు. నా వైపు చూడకుండా తల దించుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను, అంత చిన్నతనం ఎప్పుడూ కాలేదు. చిరిగిన ట్యూబుకు కూడా డబ్బులు తీసుకున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి పాత వెనక టైరు చెత్తలోంచి తీసి, పక్కభాగం మీది మట్టి టూత్‌బ్రష్‌తో కడిగాను. 20 × 1⅜ అని ఉంది. దాని పక్కన సన్నటి అక్షరాల్లో 37-451. కొత్త టైరు మీద చూస్తే 47-406. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 20 అంగుళాలన్నది టైరు బయటి సైజుకు పెట్టిన ఉజ్జాయింపు పేరు, అంతే. లోపల 45 మిల్లీమీటర్ల తేడా ఉన్నా పేరు ఒక్కటే. భిన్నం, దశాంశం కూడా కలవవు. నా బోర్డు మీద 1¾, 1.75 సమానం. టైరు మీద 20 × 1¾ అని ఉంటే అది 419 రిమ్ముది, 1.75 అని ఉంటే 406ది.

రిమ్ము మీద టైరు కూర్చునే చోట దారం చుట్టి కొలిచాను. ముందుది దాదాపు 127.5 సెంటీమీటర్లు, వెనకది దాదాపు 142. π (3.14) తో భాగిస్తే 406కీ 451కీ సరిపోయింది. మీరు టైరు కొనేటప్పుడు ఆ రెండో అంకె చెప్పి అడగండి. తెలియదన్న షాపులో కొనకండి.

మరి ఒకే సైకిలుకు రెండు రకాల రిమ్ములెందుకున్నాయి? తమ్ముడికి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. "అన్నా, అప్పుడు చెప్పలే. పిల్లలమర్రి రోడ్డు మీద గుంతల పడ్డ. వెనక రిమ్ము ఎనిమిది లెక్క వంగింది. నాయిన కొడ్తడని వేరే పిల్లల సైకిలుది పాత చక్రం ఎక్కించిన. బ్రేకు రబ్బర్లు రిమ్ముకు అందక బ్రేకు పీకేసిన" అన్నాడు. ఆ వెనక బ్రేకు ఏమైందని ముప్పై ఏళ్లుగా నాకూ తెలియదు.

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో మూడో వారానికి 36 రంధ్రాల పాత 406 రిమ్ము దొరికింది. మెట్టుగడ్డ వైపు డెబ్బై దాటిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. పాత స్పోకులు రెండు సెంటీమీటర్ల పైన పొడుగవుతాయని చూపుతోనే చెప్పి, పొట్టివి వేశాడు. చక్రం తిప్పి, ఫ్రేముకు బొటనవేలు ఆనించి, గోరు రిమ్ముకు తాకీతాకకుండా పట్టుకున్నాడు. టిక్కుమన్న చోట నిపుల్ (స్పోకును బిగించే చిన్న నట్టు) పావు చుట్టు తిప్పాడు. అరగంటకు ఆ చప్పుడు ఆగిపోయింది. మనిషంటే ఆయన! అడిగినదానికి ఇంకో వంద కలిపి ఇచ్చాను.

నిన్న గ్రౌండ్‌లో పిల్లలు చుట్టూ మూగారు. దీనికి గేర్లు ఎక్కడున్నాయని అడిగారు. ఇది అలాంటి సైకిలు కాదని కథ మొదలుపెట్టాను. 1970ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మోటోక్రాస్ (మట్టిలో మోటారుసైకిల్ పందేల) బండ్లను చూసి చిన్న సైకిళ్లతో మట్టిలో పందేలు పెట్టుకున్నారనీ, అదే ఆట 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు చేరిందనీ చెప్పాను. ముందు చక్రం లేపి గట్టు ఎక్కించి చూపించాను. నలభై ఏడేళ్లకు ఒక్కసారికే ఎక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకరి తర్వాత ఒకరు తలా ఒక రౌండు తొక్కారు.

తమ్ముడు దసరాకు వస్తున్నాడు. ఆ 451 చక్రం పారేయొద్దన్నాడు. అటక పక్కన మేకుకు తగిలించాను.