సెలవుల్లో పన్ను తీయించాల్సి వస్తే: గుండె లోపం ఉన్న పిల్లల సంగతి

పళ్లు తోముకున్నప్పుడు, గట్టిగా నమిలినప్పుడు కూడా చిగుళ్లలోంచి కాసిన్ని బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తూనే ఉంటాయి. మామూలు పిల్లల్లో కాలేయం, ప్లీహం, తెల్లకణాలు కలిసి వాటిని కాసేపట్లోనే ఏరేస్తాయి. పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లలతోనే చిక్కు. కృత్రిమ కవాటం మీదో, ఆపరేషన్‌లో రంధ్రం మూయడానికి వేసిన ప్యాచ్ అంచునో స్ట్రెప్టోకాకస్ అనే నోటి బ్యాక్టీరియా అతుక్కుని, పైన రక్తపు గడ్డ పొర కప్పుకుందంటే తెల్లకణాలు దాని లోపలికి చేరలేవు. గుండె లోపలి ఆ ఇన్ఫెక్షనే ఎండోకార్డైటిస్.

పన్ను తీసే ముందు ఇచ్చే ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ విషయంలో దేశానికో మాట. అమెరికాలో 2007 నుంచి ముప్పు బాగా ఎక్కువున్న పిల్లలకే ఇమ్మంటున్నారు: కృత్రిమ కవాటం, గతంలో ఎండోకార్డైటిస్, ఆపరేషన్‌తో సరిచేయని నీలి గుండె జబ్బు (ఒళ్లు నీలంగా మారే లోపం), ప్యాచ్ వేసి ఆరు నెలలు దాటకపోవడం లాంటివి. గుండెలో ఆపరేషన్ అక్కర్లేని చిన్న రంధ్రానికి అవసరం లేదు. బ్రిటన్‌లో 2008 నుంచి మామూలుగా ఎవరికీ వద్దంటున్నారు. అందుకే సెలవులకు ఇక్కడికి వచ్చిన డల్లాస్ పిల్లాడికీ లండన్ పిల్లకీ విజయవాడ సూర్యారావుపేట డెంటిస్టు దగ్గర ఒకే మాట వినబడదు. బయల్దేరే ముందే మీ కార్డియాలజిస్టు చేత కాగితం రాయించుకోండి: లోపం పేరు, ఆపరేషన్ తేదీ, ప్యాచ్ పక్కన లీకు మిగిలిందా, పెన్సిలిన్ పడుతుందా, మందు కావాలా వద్దా.

కావాలంటే సాధారణంగా అమాక్సిసిలిన్ ఒక్కటే డోసు, పన్ను తీయడానికి 30–60 నిమిషాల ముందు, కిలోకు 50 మి.గ్రా. (2 గ్రాములు మించకుండా). 14 కిలోల పిల్లాడికి 700 మి.గ్రా. లెక్క తప్పేది ఇక్కడే. అమెరికాలో 5 మి.లీ.కి 400 మి.గ్రా. ఉండే సిరప్ అలవాటైతే 8.75 మి.లీ. చాలు. ఇక్కడి షాపులో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉండే డ్రై సిరప్ (నీళ్లు కలుపుకునే పొడి) ఇస్తే అదే డోసుకు 28 మి.లీ. పట్టాలి! పాత అలవాటున 8.75 పోస్తే 219 మి.గ్రా. కూడా అందవు. కాబట్టి మి.లీ. గుర్తుపెట్టుకోకండి, మి.గ్రా. గుర్తుపెట్టుకోండి. సీసా మీది గీత దాకా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, బాగా ఊపి, చెంచాతో కాకుండా సిరంజితో కొలవండి. పాలపన్ను తనంతట తాను ఊడితే మందేమీ అక్కర్లేదు.

"పాలపళ్లేగా, ఎలాగూ ఊడిపోతాయిగా" అని అమ్మమ్మ అంటుంది. పుచ్చిన పాలపన్ను కింద చీము పట్టినా ముప్పే, పైగా ఒక్క డోసు మందు కంటే రోజూ రెండు పూటలా తోమడమే ఎక్కువ కాపాడుతుంది. మామిడి తాండ్ర తిన్న రాత్రి తోమకుండా పడుకోనివ్వద్దు. ఫ్లోరైడ్ 1000 పీపీఎం పేస్టు మూడేళ్ల లోపు వాళ్లకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత.

పన్ను తీసిన తర్వాతి వారాల్లో కారణం తెలియని జ్వరం వచ్చి తగ్గకపోతే, షాపు నుంచి యాంటీబయాటిక్ తెచ్చి వేయకండి. నాలుగు డోసులు పడ్డాక బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్ష) ఏ సూక్ష్మజీవీ పెరగకపోవచ్చు, జబ్బు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. ముందు కల్చర్‌కు రక్తం ఇప్పించండి, వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు తీయడం పద్ధతి. యాంటీబయాటిక్ ఆ తర్వాతే.