మల్చింగ్ పేపరుకు తిన్నని సాలు ఎందుకు కావాలి

మదనపల్లె పక్కన మా ఎర్రనేలలో టమాటాకు మల్చింగ్ పేపరు, అంటే కలుపు మొలవకుండా ఎత్తుగా పోసిన మట్టి బెడ్డు మీద కప్పే పలుచని ప్లాస్టిక్ పొర, పరచడం మొదలుపెట్టి ఏడేళ్లయింది. ట్రాక్టరు స్టీరింగును ఉపగ్రహ సంకేతాలకు అప్పగించి ఆ పేపరు పరిపించడం మాత్రం గత రెండు పంటల నుంచే చేస్తున్నాను. ఊళ్లో చాలామంది ఈ రెండోదాన్ని సరదా ఖర్చు కింద జమకట్టారు. పేపరు లేకుండా సేద్యం చేసిన రోజుల్లో అయితే నేనూ అదే మాట అని ఉండేవాణ్ణి, ఎందుకంటే ఉత్త నేలలో సాలు వంకరపోతే మళ్లీ గొర్రు తోలినప్పుడు సరిదిద్దుకోవచ్చు. పేపరు పరిచాక ఆ అవకాశం ఉండదు. నారు నాటడం, కట్టెలు పాతడం, మందు కొట్టడం, కాయ కోయడం, చివరికి పేపరు పీకడం, అన్నీ మొదటి రోజు పడిన గీతను పట్టుకునే నడవాలి. పైగా అదే పేపరు మీద రెండో పంటగా బీరో దోసో వేసుకునేవాళ్లకు ఆ గీతతో సహవాసం మరికొన్ని నెలలు సాగుతుంది.

మేము వాడేది నాలుగడుగుల వెడల్పు, 25 మైక్రాన్ల మందం ఉన్న పేపరు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పైన వెండి రంగు, కింద నలుపు. వెలుతురు సోకక కలుపు మొలవకుండా చూసే పని నలుపుది. వెండి రంగు ఎండను వెనక్కి కొట్టి, మొక్క గుబురుగా పెరిగి పేపరును కప్పేసే వరకు తామర పురుగునూ తెల్లదోమనూ కొంత దూరంగా ఉంచుతుంది. మార్చిలో నాటే నారుకు వెండి రంగు మరీ ముఖ్యం. పైన కూడా నలుపే ఉంటే రంధ్రం అంచు వేడికి లేత కాండం కమిలిపోతుంది. పేపరుకు రెండు అంచులా జానెడుకు కాస్త తక్కువగా మట్టిలో పూడ్చాక పైకి కనిపించేది మూడడుగులు. బెడ్డుకూ బెడ్డుకూ మధ్య ఎడం, నడిమి నుంచి నడిమికి, అయిదడుగులు.

బావి పక్కనున్న మా ఎకరా 67 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు. మీటరున్నర ఎడంతో అందులో 40 బెడ్లు పట్టాలి. కాని చేతి స్టీరింగుతో వేసిన ఏ ఏడాదీ నాకు 37 దాటలేదు. కారణం డ్రైవరు చేతకానితనం కాదు, అతని జాగ్రత్తే. పేపరు పరిచే యంత్రాన్ని లాగేటప్పుడు ట్రాక్టరు చక్రం ఒకటి, అంతకుముందే పరిచిన బెడ్డు పక్క కాలువలో నడుస్తుంది. అప్పుడే పూడ్చిన అంచును తొక్కుతానేమోనన్న భయంతో మంచి డ్రైవరు ప్రతిసారీ ఓ బెత్తెడు ఎడంగా జరుగుతాడు. బెడ్డుకు పది సెంటీమీటర్ల చొప్పున నలభై బెడ్లకు నాలుగు మీటర్లు పోతాయి, అంటే దాదాపు మూడు బెడ్లు. అడుగున్నర దూరాన ఒక్కో మొక్క లెక్కన 440 మొక్కల చోటు గట్టు పక్కన ఖాళీగా మిగిలిపోయేది. నేను దాన్ని అన్నాళ్లూ గట్టు వంకరగా ఉండటం వల్లనే అనుకున్నాను.

ఇప్పుడు పేపరు పరుస్తున్న ట్రాక్టరు నాది కాదు. పక్క ఊరి కుర్రవాడు ఒకడు పాత ట్రాక్టరుకే స్టీరింగు మోటారు, యాంటెన్నా, తెర ఉన్న కిట్టు బిగించుకుని బాడుగకు తోలుతున్నాడు. దాని కిటుకు అర్థం చేసుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. మన ఫోనులోని జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఆ తేడాతో బెడ్డు వేస్తే పక్క చేలోకి పోతాం. ఇందులో అలా కాకుండా, కదలని ఒక చోట బేస్ అనే రెండో యాంటెన్నాను నిలబెడతారు. తన చోటు తనకు ముందే తెలుసు కాబట్టి, ఉపగ్రహాల లెక్క ఎంత తప్పుతున్నదో అది కనిపెట్టి, ఆ సవరణను క్షణక్షణం ట్రాక్టరుకు పంపుతుంది. ఉపగ్రహం పంపే అల పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఆ అలలో ఎన్నో వంతు దగ్గర ఉన్నామో కూడా లెక్కగట్టడం వల్ల తేడా రెండు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. సర్వే ఆఫ్ ఇండియా ఇటువంటి స్థిర కేంద్రాలను దేశమంతటా నెలకొల్పింది, వాటి సవరణలను ఇంటర్నెట్ ద్వారా అందుకోవచ్చు. మా కొండల నడుమ ఫోను సిగ్నలే నిలవదు కాబట్టి మేము సొంత బేసునే నమ్ముకున్నాం.

ఆ బేసుతోనే మొదటి ఏడాది దెబ్బ తిన్నాం. టమాటా అయిపోయాక మొక్కలను మొదలుకు కోసేసి, పేపరు కదలకుండా కాలువల్లో గట్టిపడ్డ మట్టిని మాత్రం గుల్ల చేయాలనుకున్నాను. ట్రాక్టరు చక్రాలు రెండు కాలువల్లో, బెడ్డు దాని పొట్ట కింద వెళ్లాలి. పేపరు పరిచిన రోజు ట్రాక్టరు నడిచిన గీత తెరలో భద్రంగానే ఉంది. కుర్రవాడు బేసును మూడు కాళ్ల స్టాండు మీద, ఇదివరకు పెట్టిన చోటేనని తోచిన చోట నిలబెట్టి, తన చోటును తానే వెతుక్కోమని మీట నొక్కాడు. అయిదు మీటర్లు వెళ్లేసరికి చక్రం బెడ్డు భుజమెక్కి పేపరును చీల్చి, డ్రిప్ పైపును తెంచింది. "గీత పక్కకు పోయింది మామా" అని వాడు దిగాడు. గీత ఎక్కడికీ పోలేదు. బేసు తన చోటును మూరెడు తేడాతో కొత్తగా ఊహించుకుంది, దానితో పాటు పొలంలోని గీతలన్నీ అదే మూరెడు జరిగాయి. ఒకే రోజు మొదలుపెట్టి ఒకే రోజు ముగించే దుక్కికి ఈ తేడా తెలియనే తెలియదు, ఎందుకంటే అన్ని గీతలూ కలిసే జరుగుతాయి. పేపరు ఉన్నచోట మాత్రం నిన్నటి గీత నేల మీద కళ్లెదుటే ఉంటుంది. మరుసటి వారం మా మిద్దె పిట్టగోడలో ఇనుప గొట్టాన్ని సిమెంటుతో బిగించి, దాని చోటు అంకెలను గోడ మీదే పెయింటుతో రాయించాను. అప్పటి నుంచి బేసు ఆ గొట్టం మీదే కూర్చుంటుంది, ఆ అంకెలే దానికి ఇస్తాం.

రెండో చిక్కు ఆకాశం నుంచి వచ్చింది. మార్చిలో మధ్యాహ్నపు ఎండకు సాగిన పేపరును బిగించి పరిస్తే రాత్రి చల్లదనానికి ముడుచుకుని కొక్కేల దగ్గర చినుగుతుంది, కాబట్టి సాయంత్రం మొదలుపెట్టాం. ఏడున్నర ప్రాంతంలో తెర మీద ఫిక్స్ (చోటు సెంటీమీటర్ల తేడాలో దొరికింది) అన్న మాట పోయి ఫ్లోట్ (ఆ కచ్చితత్వం తప్పింది) అని వచ్చింది, ట్రాక్టరు ఆగింది. కిట్టులో లోపమనుకున్నాను. నిజానికి ఇది మన దక్షిణాది ఆకాశపు గుణం. భూమి అయస్కాంత మధ్యరేఖ తమిళనాడు దక్షిణపు కొస మీదుగా పోతుంది. దానికి దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో పొద్దుగూకాక అయనోస్ఫియర్‌లో, అంటే ఆకాశంలో బాగా పైనున్న విద్యుదావేశపు పొరలో, బుడగల వంటివి లేచి ఉపగ్రహ సంకేతాలను వణికిస్తాయి, పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరుల చుట్టూ మరీ ఎక్కువగా. తిరుపతి దగ్గరున్న గాదంకిలోని పరిశోధనశాలలో రాడార్లు పెట్టి ఈ అలజడినే అధ్యయనం చేస్తున్నారు. 2024 మే నెలలో సూర్యుడి నుంచి వచ్చిన అయస్కాంత తుఫాను, సరిగ్గా విత్తే రోజుల్లో అమెరికా రైతుల ట్రాక్టర్లను ఇలాగే నిలబెట్టింది. ఇప్పుడు మేము తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి పదింటికల్లా ఆపుతున్నాం.

నేల వాలు గురించి కూడా చెప్పాలి. యాంటెన్నా ట్రాక్టరు నెత్తిన ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంటుంది. ట్రాక్టరు నాలుగు డిగ్రీలు పక్కకు ఒరిగితే ఆ యాంటెన్నా జానెడు దాకా జరుగుతుంది. కిట్టులోని ఒరుగు కొలిచే పరికరం దీన్ని సవరిస్తుంది. వెనక లాగే యంత్రం వాలు వైపు జారడాన్ని మాత్రం అది చూడలేదు, దానికి మనిషి వెనక నడవాల్సిందే. పైగా తిన్నదనం మీద మోజుతో వాలుకు నిలువునా గీత గీయించుకుంటే మట్టి చెరువుకు పోతుంది, ఎందుకంటే పేపరు మీద పడిన వాన నేలలో ఇంకకుండా మొత్తం కాలువల్లోకే దిగుతుంది. కొండ వైపు చేలో నేను గెనిమ (గట్టు) వెంట వంపు గీతనే పెట్టించాను.

ఈ కిట్టును రెండు మూడు ఎకరాలవాళ్లు సొంతానికి కొనమని నేను చెప్పను. బాడుగకు దొరికితే పేపరు పరిచే రోజు వాడుకోమంటాను. చైనాలోని షింజియాంగ్ పత్తి పొలాల్లో పేపరు, డ్రిప్పు, విత్తనం మూడూ ఒకే విడతలో వేసే యంత్రాలను జీపీఎస్ లాంటి చైనా సొంత బెయ్‌డౌ ఉపగ్రహాల సాయంతో నడపడం ఇప్పటికే మామూలు పని. అదే చోట మరీ పలుచని పేపరు ముక్కలు నేలలో పేరుకుపోవడంతో, 2018 నుంచి పది మైక్రాన్ల కంటే పలుచనిది వాడకూడదని అక్కడి ప్రమాణాలను మార్చుకున్నారు.

మా ఎకరాకు 400 మీటర్ల చుట్టలు ఏడు పడతాయి. తూకం వేస్తే 75 కిలోల ప్లాస్టిక్కు. పంట అయ్యాక పూడ్చిన అంచు ఎక్కడుందో గీత చెబుతుంది కాబట్టి దాని కింద బ్లేడు నడిపి వదులు చేయడం ఇప్పుడు తేలికైంది. అయినా ఎండకు పెళుసెక్కిన అంచు తెగి మట్టిలోనే మిగులుతున్నది, చేత్తో ఏరాల్సిందే. ఏరింది మట్టి, వేర్లతో కలిసి పశువుల కొట్టం వెనక కుప్పగా పడి ఉంది, పాత సామాన్లవాడు కడిగి ఇస్తేనే తీసుకుంటానన్నాడు. ఈసారి 30 మైక్రాన్ల పేపరు తెచ్చాను, ఖర్చు ఎక్కువైనా పీకేటప్పుడు ఒకే ముక్కగా వస్తుందేమో చూద్దామని. మొదటి గీత శుక్రవారం తెల్లవారుజామున పడుతుంది.