రీఫండ్ మెయిల్ వచ్చిందా? ఆ లింక్ జోలికి పోకండి

జూలై వచ్చిందంటే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసినవాళ్ళందరికీ రీఫండ్ ఎప్పుడు పడుతుందా అనే ధ్యాసే, దొంగలకీ అదే సీజన్. 2023లో ఒక మెసేజ్ తెగ తిరిగింది, మీకు 15,490 రూపాయల రీఫండ్ అప్రూవ్ అయింది, ఫలానా అకౌంట్‌లో పడుతుంది, ఆ నంబర్ తప్పైతే కింద లింక్‌లో సరిచేసుకోండి అని. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీకి చెందిన ఫ్యాక్ట్ చెక్ వాళ్ళు అది ఫేక్ అని తేల్చారు. అందులో కిటుకు చూడండి, ఆ నంబర్ మనది కాదు, అయ్యో మన డబ్బు ఇంకెవరికో పోతోందే అని కంగారు పుట్టి వెంటనే లింక్ నొక్కేస్తాం. బాగా చదువుకున్నవాళ్ళు దొరికిపోయేది కూడా ఇక్కడే.

స్పెల్లింగ్ తప్పులుంటే ఫేక్ అని ఇంకా చెప్తున్నారు చాలామంది, ఆ సలహాకి ఎప్పుడో కాలం చెల్లింది. ఇప్పుడు ఏఐతో తప్పుల్లేని ఇంగ్లిష్ రాయిస్తున్నారు, లోగో కాపీ కొట్టడం నిమిషం పని, బ్రౌజర్‌లో తాళం గుర్తు కూడా దొంగ సైట్లకి వస్తుంది.

చూడాల్సింది అడ్రస్, అదీ వెనక నుంచి. ఇంటి అడ్రస్‌లో ఊరు పేరు చివర్లో ఉన్నట్టు, మొదటి సింగిల్ స్లాష్‌కి ముందు చివర్లో ఏముందో సైట్ వాళ్ళది. ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీవోవీ డాట్ ఇన్ అని మొదలై, అక్కడ ఆగకుండా ఇంకో డాట్, ఇంకేదో పేరు, డాట్ కామ్ అని సాగిందంటే అది గవర్నమెంట్‌ది కానే కాదు. బ్యాంకుల విషయంలో ఇప్పుడు కాస్త నయం, 2025 అక్టోబర్ 31 కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారిపొమ్మని ఆర్‌బీఐ చెప్పింది, ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న, ఆర్‌బీఐ పెట్టిన ఐడీఆర్‌బీటీ సంస్థ వాళ్ళే, ఎవరు పడితే వాళ్ళకి ఇవ్వరు.

అయినా ఫోన్‌లో అడ్రస్ సగమే కనబడుతుంది కాబట్టి నా మాట ఒక్కటే, మెయిల్ నిజమైనా అబద్ధమైనా అందులో లింక్ వాడొద్దు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ అడ్రస్ మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి, రీఫండ్ ఉంటే అక్కడే కనబడుతుంది, ముందే పోర్టల్లో వ్యాలిడేట్ చేసిన, అంటే మీదేనని సరిచూసిన అకౌంట్‌లోకి డైరెక్ట్‌గా పడుతుంది, దానికి ఓటీపీ, పిన్, కార్డ్ నంబర్ మెయిల్‌లో ఎవరూ అడగరు. నోటీస్ అని వస్తే డీఐఎన్, అంటే ఆ నోటీస్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్, ఉందేమో చూడండి, 2019 అక్టోబర్ నుంచి అది పెడుతున్నారు, పోర్టల్లో లాగిన్ లేకుండానే అసలుదో కాదో చెక్ చేసుకోవచ్చు.

ఇంట్లో అమ్మానాన్నలు పొరపాటున నొక్కేస్తే దయచేసి తిట్టకండి. తిడతారనే భయంతోనే రెండ్రోజులు దాచేస్తారు, ఈలోపు డబ్బు నాలుగు అకౌంట్లు మారిపోతుంది. వెంటనే బ్యాంక్‌కి చెప్పి కార్డ్, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.