ఆక్టేవియా బట్లర్, వాళ్ళమ్మ, వంటామె సారా

అమెరికా నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ అంటే అందరూ సైన్స్ ఫిక్షన్ రైటర్ అనేసి వదిలేస్తారు. హ్యూగో, నెబ్యులా అనే సైన్స్ ఫిక్షన్ అవార్డులు, 1995లో ప్రతిభావంతులకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్ (సైన్స్ ఫిక్షన్ వాళ్ళలో అది మొదట వచ్చింది ఈవిడకే), అన్నీ నిజమే కానీ నాకు మాత్రం ముందు వాళ్ళమ్మే గుర్తొస్తుంది.

1947లో కాలిఫోర్నియా పాసడీనాలో పుట్టింది. నాన్న బూట్ పాలిష్ చేసేవాడు, ఈమె చిన్నప్పుడే పోయాడు. అమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేది, అమ్మ వెంట వెళ్తే వెనక గుమ్మం నుంచే లోపలికి పోవాలి, అమ్మకి వినబడేలానే ఆమెని నానా మాటలూ అనేవాళ్ళు, అమ్మ నోరెత్తకుండా పని చేసుకునేది, అది చూసి ఈ పిల్లకి సిగ్గు, అమ్మ మీదే కోపం. ఆ ఇళ్ళల్లో పారేసే పుస్తకాలు కూతురికోసం తెచ్చింది ఆ అమ్మే, పదేళ్ళకి టైప్‌రైటర్ కొనిపెట్టిందీ ఆ అమ్మే. మాటపడి తెచ్చిన ఆ జీతంతోనే తను తిని పెరిగానని పెద్దయ్యాక తెలిసొచ్చింది.

కాలేజీలో ఒక నల్లజాతి కుర్రాడు, మన పెద్దవాళ్ళు తలొంచుకుని బతికారు కాబట్టే మనకీ ఖర్మ అన్నట్టు మాట్లాడాడట. దానికి జవాబుగా రాసిందే 1979లో వచ్చిన కిండ్రెడ్ నవల. 1976 లాస్ ఏంజెలిస్‌లో ఉండే డేనా అనే నల్లజాతి అమ్మాయి ఉన్నట్టుండి బానిసత్వం రోజుల మేరీల్యాండ్‌లో పడుతుంది, ఒక తెల్ల దొర కొడుకుని పదేపదే కాపాడాలి, ఎందుకంటే వాడు డేనాకి పూర్వీకుడు, వాడు పోతే ఈమె పుట్టదు. ఎలా వెళ్ళింది, ఏ మెషీన్, ఏమీ చెప్పదు, అవసరం లేదు కూడా.

నన్ను పట్టేసింది మాత్రం ఆ నవల్లో బానిసగా ఉన్న వంటామె సారా. దొర ఆమె ముగ్గురు కొడుకుల్ని అమ్మేశాడు, మాటలు రాని కూతురు ఒక్కతే మిగిలింది, ఆ కూతుర్ని కూడా ఎక్కడ అమ్మేస్తాడో అని సారా ఏదైనా భరిస్తుంది. డేనాకి మొదట్లో ఆమె అంటే చిన్నచూపే, తర్వాత తను కూడా అక్కడ బతకడానికి అలాగే తగ్గుతూ తగ్గుతూ వస్తుంది. ఇక్కడ హైదరాబాద్‌లో ఎన్ని అపార్ట్‌మెంట్లలో పనికొచ్చేవాళ్ళకి వేరే లిఫ్ట్, వేరే గ్లాసు, వాళ్ళు ఒక్క మాట అనరు, అనట్లేదు కదా అని మనం దాన్ని ఒప్పుకోవడం కింద లెక్కేసుకుంటాం, ఇది తప్పు అండి, ఆ మౌనం వెనక ఎవరి స్కూల్ ఫీజు ఉందో మనకి తెలీదు.

బట్లర్ కష్టం కూడా తక్కువేం కాదు. రాత్రి రెండింటికి లేచి రాసుకుని తర్వాత పనికి పోయేది, గిన్నెలు కడిగింది, ఫ్యాక్టరీలో బంగాళాదుంప చిప్స్ బాగున్నాయో లేదో చూసే పని చేసింది. కిండ్రెడ్ కోసం మేరీల్యాండ్ దాకా బస్సులో పోయి చూసొచ్చింది. 2006లో 58 ఏళ్ళకే పోయింది.

ఆవిడవి చదవాలనుకుంటే కిండ్రెడ్‌తోనే మొదలెట్టండి, ఇంగ్లీష్ చాలా ఈజీగా ఉంటుంది. కొరడా దెబ్బల సీన్లు మాత్రం కష్టం, చిన్నపిల్లలకి ఇవ్వకండి, ఇంటర్ దాటిన పిల్లలుంటే తప్పకుండా ఇవ్వండి.